ఎనిమిదేండ్ల లోపు తాగిన నీళ్లు



పత్తి రెండో ఏరుడు నడుస్తున్నది. కూలీలు దొరకక అందరం ఒకటే తిప్పలల్ల ఉన్నం. అయినా రాత్రి కూసోని ఇది రాస్తున్న. కొంచెం పొడుగైతది. ఓపిక చేసుకొని చదువండి, ముఖ్యంగా ఇంట్ల చిన్నపిల్లలు ఉన్నోళ్లు.

పోయిన నెల మా బిడ్డ ఫోన్ చేసింది. ఉస్మానియా క్యాంపస్‌ల హాస్టల్‌ల ఉండి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నది, రెండో సంవత్సరం. "నాయినా, ఒక నలభై వేలు కావాలె" అన్నది. పరీక్ష ఫీజు అనుకున్న. కాదట, పళ్లకట. పైన ముందున్న ఆరు పళ్ల మీద తెల్లటి పొర అతికిస్తరట, ఎవరో పళ్ల డాక్టరు లెక్క చెప్పిండట.

నాకు కోపం వచ్చింది. దాచుడెందుకు, గట్టిగనే అరిసిన. "పళ్లు గట్టిగ లేవా? నమలనీకె వస్తలేదా? నలభై వేలంటే యూరియా బస్తాలు ఎన్ని వస్తయో ఎరుకేనా" అన్న. అటు దిక్కు కాసేపు సప్పుడు లేదు. తర్వాత, "ఇంటర్వ్యూల నవ్వలేకపోతున్న నాయినా" అని పెట్టేసింది.

మాది మర్రిగూడ దిక్కు. ఆ పేరు చెప్తేనే మీల సగం మందికి సంగతి అర్థమయ్యి ఉంటది. మా దిక్కు మనిషిని ఎక్కడ చూసినా నోరు తెరిస్తే గుర్తు పట్టొచ్చు. పళ్ల మీద సుద్ద రంగు మచ్చలు, వాటి మీద అడ్డంగా పసుపు, గోధుమ రంగు గీతలు. మా చిన్నప్పుడు దాన్ని గార అనేటోళ్లు. బొగ్గుతోటి, ఉప్పుతోటి, ఇటుక పొడితోటి చిగుళ్లు పగిలేదాక రుద్దినం. పోలేదు. మా చెల్లెకు రెండు సంబంధాలు పళ్లు చూసే ఎనకకు పోయినయ్. మా అన్నకు 62 ఏండ్లు, ఎనక నుంచి పిలిస్తే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరుగుతడు, ఎద్దుబండి మలిపినట్టు. శివన్నగూడెం అంశల స్వామిని మీరందరు టీవీల చూసే ఉంటరు. ఒళ్లంత ముడుచుకపోయినా ఊరూరు తిరిగి మా నీళ్ల గురించి మాట్లాడిన మనిషి. 2023 జనవరిల పోయిండు.

ఇవన్నీ చూసుకుంటనే పెరిగిన. ఫ్లోరైడ్ అంటే ఏందో నాకు తెలుసు అనే అనుకున్న. తెలిసింది సగమే అని పోయిన నెల తెలిసింది.

ఆదివారం పొద్దున బయలెల్లిన. పత్తి అమ్మిన పైసల్లకెళ్లి ఇరవై వేలు లోపలి జేబుల పెట్టుకున్న. బస్సుల ఎల్బీనగర్ దాక, అక్కడి నుంచి నాగోలు, నాగోలుల మెట్రో ఎక్కిన. ఉప్పల్ దాటినంక ఒక స్టేషన్ పేరు చెప్పింది, ఎన్‌జీఆర్‌ఐ అని. ఊరి పేరు కాదు, మనిషి పేరు కాదు, ఇదేం పేరురా అనుకున్న. తార్నాకల దిగినంక బిడ్డను అదే ముందు అడిగిన.

"అది భూమి లోపలి రాళ్ల మీద, నీళ్ల మీద పరిశోధన చేసే జాగ నాయినా. మన నల్లగొండ గ్రానైటు మీద గూడ వాళ్లు శాన పని చేసిండ్రు" అన్నది. ఆ రాయిల ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటయట. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు ఆ రాయితోటి అంత ఎక్కువ కాలం నాని ఉంటయి. అసలే క్షారం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న నీళ్లైతే రాయిలకెళ్లి ఫ్లోరైడ్‌ను ఇంకా బాగ గుంజుకుంటయి.

మేం నిలబడ్డ జాగకు దగ్గర్లనే ఇంకొకటి ఉన్నది, జాతీయ పోషకాహార సంస్థ. ఎన్‌ఐఎన్ అంటరు. 1918ల తమిళనాడు దిక్కు కూనూరుల ఒక చిన్న గదిల మొదలైందట, 1958ల హైదరాబాద్‌కు తెచ్చిండ్రు. ఆదివారం గనక లోపటికి పోలేదు, గేటు ముందు నుంచి నడిచినం. అంటే చూడండి, మన రాళ్ల గురించి చదివేటోళ్లు ఒక స్టేషన్‌ల, మన బొక్కల గురించి చదివేటోళ్లు రెండు స్టేషన్ల అవతల. మెట్రోల అయిదు నిమిషాలు. మా ఊరి కథ మొత్తం ఆ అయిదు నిమిషాల దూరంల ఉన్నది.

తార్నాకల ఇడ్లీ తిన్నం. అక్కడ ఒకటి చూసిన. పక్క టేబుల్‌ల బిడ్డ దోస్తు ఎవరో కనపడి ఏదో జోక్ చేసింది. మా బిడ్డ నవ్వింది, నవ్వుతనే కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆ చెయ్యి తనంతట తాను లేసినట్టు లేసింది. ఎన్నేండ్ల సంది ఇట్ల చేస్తున్నదో నాకు తెల్వదు. ఇంట్ల ఎన్నడు గమనించలేదు.

అక్కడి నుంచి చెట్ల కింద నడుసుకుంట ఆర్ట్స్ కాలేజీ దాక పోయినం. 1939ల నిజాం తెరిచిన బిల్డింగ్ అది, మొత్తం గ్రానైటు. మెట్ల మీద కూసున్నం. డబ్బు సంగతి నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. నేనే మెల్లగ అడిగిన, "అసలు పన్నుకు ఏమైతది బిడ్డా, అంత గట్టిది ఎట్ల పాడైతది" అని.

ఆమె చెప్పింది నాకు అర్థమైన కాడికి, మన భాషల చెప్త.

ముందు బొక్క. బొక్క అంటే మనం ఎండిన కట్టె లెక్క అనుకుంటం. అది ప్రాణమున్న వస్తువు. దాంట్ల నెత్తురు పారుతది, నరాలు ఉంటయి. దాని కట్టుబడి స్లాబు పోసినట్టే. స్లాబుల సలాకలు ఉంటయి, కాంక్రీటు ఉంటది. బొక్కల సలాకల లెక్క ఉండేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు, కాంక్రీటు లెక్క ఉండేది కాల్షియం, భాస్వరం కలిసిన ఖనిజం. బరువుల మూడింట రెండు వంతులు ఈ ఖనిజమే. కాంక్రీటుతోటి గట్టితనం, సలాకతోటి విరగకుండ కొంచెం వంగే గుణం. రెండిట్ల ఏ ఒక్కటి లేకున్నా స్లాబు నిలవదు.

ఆమె స్కూల్‌ల ఉన్నప్పుడు కోడి కాలి బొక్కను వెనిగర్‌ల కొన్ని రోజులు నానేసిందట. ఖనిజం కరిగిపోయి బొక్క రబ్బరు లెక్క వంగిందట. నేనన్న, "దాని ఉల్టా నేను చూసిన." మా నాయిన పోయినప్పుడు మూడో రోజు బొక్కలు ఏరనీకె పోయినం. చూడనీకె ఆకారం మొత్తం ఉన్నది, చేతిల పట్టంగనే సున్నం లెక్క పొడి అయ్యింది. అప్పుడు నాకు అర్థం కాలే, అంత బరువులు మోసిన మనిషి బొక్క ఇంత అలకగ ఎట్ల అయ్యింది అని. సలాక కాలిపోయి ఉత్త కాంక్రీటు మిగిలింది, అంతే. బిడ్డ కాసేపు ఏమనలేదు. తాత అంటే ఆమెకు పాణం.

ఈ బొక్కను ఒక్కసారి కట్టి వదిలేయదట శరీరం. లోపట రెండు ముఠాలు ఎప్పటికీ పని మీదనే ఉంటయి. ఒక ముఠా పాతది తవ్వి తీస్తది, ఇంకో ముఠా ఆ జాగల కొత్తది పోస్తది. పెద్దోళ్లల్ల ఏడాదికి దగ్గర దగ్గర పదోవంతు బొక్క ఇట్ల మారుతుంటది. విరిగిన చెయ్యి అతుకుడు గూడ ఈ ముఠాల పనే. వయసు పైబడితే తవ్వే ముఠాది పైచెయ్యి అయితది, ముఖ్యంగా ఆడోళ్లకు నెలసరి ఆగినంక. మన అమ్మలు నడుములు వంగి, జారి పడితే తుంటి విరిగేది అందుకే.

బొక్కల పని ఉత్త నిలబెట్టుడే కాదు. మనం తినే మూలుగ ఉంటది చూడండి, నెత్తురు కణాలు తయారయ్యే జాగ ఆ మూలుగనే. ఇంకొక పని బ్యాంకు పని. ఒంట్ల ఉన్న కాల్షియంల 99 శాతం బొక్కలు, పళ్లల్ల ఉంటది, మిగిలిన ఒక్క శాతం నెత్తుర్ల, కండల్ల. ఆ ఒక్క శాతం తగ్గితే గుండె, కండలు, నరాలు నడవవు. అందుకని తిండిల కాల్షియం తక్కువైతే శరీరం బొక్కలకెళ్లి డ్రా చేసుకుంటది. ఇది మనకు పుస్తకం అక్కరలేని సంగతి. పాలు ఎక్కువిచ్చే బర్రె ఈనినంక ఒకటి రెండు రోజుల్ల చెవులు సల్లబడి, మెడ పక్కకు పెట్టి పడిపోతది. పాలజ్వరం అంటం. డాక్టరు వచ్చి కాల్షియం సీసా మెల్లగ నరానికి ఎక్కిస్తే, అదే బర్రె లేసి మేత మేస్తది. జున్నుపాలల్ల కాల్షియం ఒక్కసారి బయటికి పోయింది, బొక్కల బ్యాంకు అంత తొందరగ ఇయ్యలేకపోయింది. గంతే సంగతి.

ఇంక పన్ను. మన రైతులకు పళ్ల సంగతి చెప్పేదేముంది. సంతల ఎద్దు పెదవి లేపి వయసు చెప్తం. రెండు పళ్లది, నాలుగు పళ్లది, ఆరు పళ్లది, నోరు నిండింది. పైన ముందు పళ్లు ఉండవు, కిందనే ఎనిమిది. ఇదంత మనకు అరచేతి గీత. కానీ ఆ పన్ను లోపట ఏముందో మనం చూడం. మధ్యల మెత్తటి గుజ్జు, దాంట్ల నరం, నెత్తురు. దాని చుట్టు డెంటిన్ అనే గట్టి పొర, బొక్క లెక్కనే ఉంటది. దాని మీద, బయటికి కనపడేది పింగాణి పొర. మన ఒంట్ల అన్నిటికన్న గట్టి వస్తువు అదే. దాంట్ల 96 శాతం ఖనిజమే.

అసలు కథ ఇక్కడ ఉన్నది. బొక్కను ముఠాలు జీవితాంతం మళ్ల మళ్ల కడుతయి గద. పింగాణిని కట్టే కణాలు పన్ను చిగురు లోపట ఉన్నంత వరకే ఉంటయి. పన్ను బయటికి వచ్చిందంటే ఆ మేస్త్రీలు పోయినట్టే, మళ్ల రారు. అందుకే అరిగిన పింగాణి మొలవదు, మచ్చ పడ్డ పింగాణి కొత్తది కాదు. ముందు పళ్ల పింగాణి తయారయ్యేది పసితనం నుంచి నాలుగైదు ఏండ్ల లోపు. దవడ పళ్లకు ఏడెనిమిది ఏండ్ల దాక పడుతది, జ్ఞాన దంతాలు తప్ప. పాలపళ్లు ఊడి పెద్దపళ్లు వస్తయి, మనం ఆ రోజు చూస్తం. అవి లోపట తయారైంది మాత్రం ఎన్నో ఏండ్ల ముందు.

ఇప్పుడు ఫ్లోరైడ్ ఏం చేస్తది? ఆ ఖనిజంల హైడ్రాక్సిల్ అని ఒక చిన్న ముక్క కూసునే సీటు ఉంటది. ఫ్లోరైడ్ వస్తే దాన్ని లేపి తాను కూసుంటది. మన ఆర్టీసీ బస్సుల కిటికీలకెళ్లి కర్చీఫ్ ఏసినట్టే. కొంచెం కూసుంటే మంచిదే, పన్ను పులుపుకు తొందరగ కరగదు, అందుకే టూత్‌పేస్టుల కలుపుతరు. ఎక్కువైతే కథ మారుతది. పింగాణి తయారయ్యేటప్పుడు ఒంట్లకు ఫ్లోరైడ్ ఎక్కువ పోతే, ఖనిజం నిండుగ పట్టదు. సన్నటి రంధ్రాలతోటి సుద్ద లెక్క అయితది. పన్ను బయటికి వచ్చినంక ఆ రంధ్రాలల్ల రంగు పడుతది. మనం బొగ్గుతోటి రుద్దింది అందుకే పోలేదు. అది పన్ను మీద ఉన్న గార కాదు, పన్ను లోపటి కట్టుబడిల వచ్చిన లోపం.

"అంటే నాయినా, ఇది ఎనిమిదేండ్ల లోపు తాగిన నీళ్ల లెక్క. తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా ఈ లెక్క మారది" అన్నది బిడ్డ. మామూలుగనే అన్నది, పాఠం చెప్పినట్టు. ఎవరినీ అనలే.

నేను మాత్రం ఆ మెట్ల మీద కూసోని ఏండ్లు లెక్కపెట్టుకున్న.

ఆమె పుట్టింది 2001ల. నేను బోరు ఏసింది 2003ల, ఇంటి పక్క చెలకల. 280 ఫీట్లు. నీళ్లు పడ్డనాడు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లే తీసి బిడ్డ నోట్ల పోసిన. చల్లగ, తేటగ, కమ్మగ ఉన్నయ్. ఫ్లోరైడ్‌కు రంగు ఉండది, వాసన ఉండది, రుచి ఉండది. అప్పుడు ఊర్లకు మంచినీళ్ల ట్యాంకరు వచ్చేది, దినం తప్పి దినం, బిందెల లైను, కొట్లాటలు. మా ఇంటామె పోత అంటే నేనే వద్దన్న. "మన బోరు మనకున్నంక ఎవరి దగ్గరనో చెయ్యి చాపుడు ఎందుకు" అన్న. బోరు మీద పోసిన అప్పు గూడ ఉండె గద, ఆ నీళ్లు మంచియి కావు అంటే నాకు మనసు ఒప్పలే. ఆరేండ్లు మా బిడ్డ ఆ నీళ్లే తాగింది.

మా కొడుకు చిన్నప్పుడు మా అత్తగారి ఊర్ల ఉండె, మిర్యాలగూడ కాలువ దిక్కు. బడికి వచ్చే ఈడు దాక అక్కడే. వాని పళ్లు మల్లెమొగ్గల లెక్క ఉంటయి. ఇన్నేండ్లు మేం ఏమనుకున్నం? వాడు వాళ్ల అమ్మ పోలిక, ఇది నా పోలిక అనుకున్నం. నవ్వుకుంట అన్నం గూడ, చుట్టాల ముందట. అది పోలిక కాదు. ఒకే తల్లి కడుపుల పుట్టిన ఇద్దరు, రెండు నీళ్లు.

ఆ మాట బిడ్డకు చెప్పిన. "నేనే పోసిన బిడ్డా ఆ నీళ్లు" అన్న. ఆమెకు ముందే తెలుసు. చదువుకున్నది జువాలజీ గద, ఎన్నడో లెక్క కట్టుకున్నది. నాకు చెప్తే బాధపడుతనని చెప్పలేదట.

కాసేపటికి ఆమెనే మాట మార్చింది. ఈ జబ్బును మన దేశంల ముందు ఎవరు చూసిండ్రో తెలుసా అన్నది. 1937ల షార్ట్ అనే దొర, ఇంకొందరు డాక్టర్లు కలిసి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లా జబ్బు గురించి వైద్య పత్రికల రాసిండ్రు. ఇప్పటి ప్రకాశం జిల్లా దిక్కు, పొదిలి, దర్శి ఊర్లు. కానీ అంతకు ముందే ఆ దిక్కు రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకపోయి నడవలేకపోవుడు చూసిండ్రట. మనుషులల్ల అదే జబ్బని డాక్టర్లు గుర్తు పట్టింది ఆ తర్వాత. ఇది విన్నంక నాకు కొంచెం గర్వమైంది, కొంచెం సిగ్గైంది. ఎద్దు కుంటితే చూసినోళ్లం, పిల్లల పళ్లు చూసి దేవుడు ఇచ్చిన పోలిక అనుకున్నం.

మన నల్లగొండ జిల్లా గురించి 1955ల సిద్దిఖీ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల రాసిండు. అంటే నేను పుట్టకముందే మా జబ్బు లండన్‌ల అచ్చయ్యింది. తర్వాత 1973ల ఇదే ఎన్‌ఐఎన్‌ల పనిచేసిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనే ఇద్దరు ఇంకొకటి బయట పెట్టిండ్రు. సాగర్ డ్యాం కట్టినంక చుట్టుపక్కల ఊర్లల్ల కుర్రపిల్లలకు మోకాళ్లు లోపటికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నయ్. డ్యాం నీళ్లతోటి భూమి లోపటి నీటిమట్టం పెరిగి, మట్టిల క్షారం పెరిగి, జొన్నల మాలిబ్డినం అనే ధాతువు ఎక్కువై ఉంటదని వాళ్ల అనుమానం. అది ఒంట్ల రాగిని బయటికి పంపిస్తది, బొక్క సలాకలు గట్టిపడనీకె రాగి కావాలె. నీళ్లు, మట్టి, జొన్న, బొక్క, అన్నిటికీ ఒకదానికొకటి లింకు. డ్యాం వద్దని నేను అంటలేను, ఇయ్యాల మేం తాగేది కృష్ణ నీళ్లే.

నీళ్లు శుద్ధి చేసే పద్ధతి ఒకటి నాగపూర్ నీరి సంస్థోళ్లు కనిపెట్టి మన జిల్లా పేరే పెట్టిండ్రు, నల్లగొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి లెక్క ప్రకారం కలిపి, కలియదిప్పి, తేరుకున్నంక మీది నీళ్లు తీసుకునుడు. ఆఫ్రికాల టాంజానియా, ఇథియోపియా దాక పోయింది ఆ పేరు. జబ్బుతోటి గూడ పేరొస్తదని అప్పుడు తెలిసింది నాకు.

ఇంకో ముచ్చట, ఇది మన సరుకు గురించి. 1842ల ఇంగ్లండుల లాస్ అనే ఆయన బొక్కలను గంధకామ్లంల వేసి ఎరువు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నడు. మన సూపర్ ఫాస్ఫేట్ బస్తా పుట్టింది అట్ల. తర్వాత బొక్కలు సాలక రాక్ ఫాస్ఫేట్ అనే రాయితోటి చేసుడు మొదలు పెట్టిండ్రు. ఆ రాయి, మన బొక్కల ఖనిజం ఒక్క జాతే. ఆ రాయిల ఆ సీటు మీద కూసున్నది ఎక్కువగ ఫ్లోరైడే.

సరే, ఇప్పుడు నేను ఇది ఎందుకు రాస్తున్ననో ఆ కాడికి వస్త.

మిషన్ భగీరథ నీళ్లు వచ్చినంక మనం ఈ జబ్బు ముచ్చట మరిచిపోయినం. 2020ల కేంద్రం పార్లమెంటుల తెలంగాణల ఫ్లోరైడ్ ఊరు ఇంక లేదని చెప్పింది. ఇంట్ల నల్లా వరకు అది నిజమే, నేను కాదంటలేను. కానీ మనం పొద్దంత ఉండేది ఎక్కడ? చెలకల. అక్కడ తాగేది ఏం నీళ్లు? మోటరు ఆన్ చేసి పైపుకు నోరు పెట్టి తాగుతం. చాయ్ ఆ నీళ్లతోటే పెడుతం, చాయ్ ఆకుల గూడ ఫ్లోరైడ్ ఉంటది, అది వేరే. పత్తి ఏరనీకె వచ్చే కూలీలు చిన్నపిల్లలను వెంట తెచ్చుకుంటరు. చెట్టు కింద చీర ఉయ్యాల కట్టి పండబెడుతరు. నాలుగేండ్ల పోరడు పొద్దంత ఆడుకుంట దూప అయితే బోరు తొట్టికాడికే పోతడు. ఆ పోరని పెద్దపళ్లు ఇప్పుడే, ఈ నెలనే, చిగురు లోపట తయారైతున్నయ్.

ఊరికి రాంగనే మా చెలక బోరు నీళ్లు సీసాల పట్టి పరీక్షకు పంపిన. లీటరుకు 3.2 మిల్లీగ్రాములు వచ్చింది. 1 లోపు ఉండాలె, వేరే దిక్కు లేకుంటే 1.5 దాక. ఆ పైన తాగొద్దు. మీరు గూడ మీ బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి, పక్కోని బోరు మంచిగున్నదని మీది మంచిగుంటదని లేదు. కాగబెడితే పోతదని కొందరు అంటరు, అది తప్పు. కాగబెడితే నీళ్లు ఆవిరైతయి, ఫ్లోరైడ్ మిగులుతది, ఇంకా చిక్కగైతది.

మా ఈడోళ్లం ఒకటి చూసుకోవచ్చు. నిలబడి మోకాళ్లు వంగకుండ కాలివేళ్లు ముట్టుకోవాలె. గడ్డం ఎదకు ఆనియ్యాలె. రెండు చేతులు తల ఎనకకు పెట్టాలె. ఇవి రాకుంటే జబ్బే అని కాదు, వయసుతోటి గూడ బిగుసుకుంటది, కానీ మా దిక్కోళ్లు డాక్టరుకు చూపెట్టుకోవాలె. ఊకె నొప్పి గోలీలు, సూదులు ఏసుకోవద్దు. నేను రెండేండ్లు మోకాలి నొప్పికి సూదులే పొడిపిచ్చుకున్న, పైసలు పోయినయ్, కడుపుల మంట మిగిలింది. మా అన్నకు ఫోటో తీస్తే ఎన్నుబొక్క సుద్దముక్క లెక్క తెల్లగ వచ్చింది, ముంజేతిల రెండు బొక్కల మధ్య ఉండే పొర గూడ గట్టిపడి బొక్కైపోయింది. బిగుసుకున్న ఆ మెడ మళ్ల తిరగదు. అయితే బొక్క పన్ను లెక్క కాదు, ముఠాలు ఇంకా పని మీదనే ఉన్నయ్ అని చెప్పిన గద. నీళ్లు మారిస్తే పాత ఫ్లోరైడ్ కొంచెం కొంచెం మూత్రంల బయటికి పోతది, ముదురుడు ఆగుతది. మా అన్నకు ఇదే చెప్పి, చెలకకు ఇంటి నీళ్లు మోసుకపోవుడు అలవాటు చేసిన.

తిండి గూడ పని చేస్తది. కాల్షియం బాగ తినేటోళ్లకు ఫ్లోరైడ్ అంతగ ఒంటికి పట్టది. ఎన్‌ఐఎన్ 2017ల అచ్చేసిన తిండి పట్టికల తైదలు 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం అని ఉన్నది. బర్రెపాలు 100 గ్రాములకు 120 చిల్లర. మనం తైదలు ఏసుడు బంద్ చేసి పాలు మొత్తం కేంద్రానికి పోస్తున్నం. చింతపండు మీద గూడ ఎన్‌ఐఎన్‌ల పరీక్ష చేసిండ్రు. బడిపిల్లలకు రోజుకు 10 గ్రాములు పెడితే మూత్రంల ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోయిందట. పచ్చిపులుసు తాగుడు మాననోళ్లకు ఇది మంచి ముచ్చటే. అట్లని చింతపండు తిని బోరు నీళ్లు తాగొద్దు.

సాయంత్రం తార్నాక స్టేషన్ కాడ ఇరవై వేలు బిడ్డ చేతిల పెట్టిన, మిగిలింది మూడో ఏరుడు అయినంక ఇస్త అన్న. ఆమె లెక్కపెట్టి పది వేలు నాకే తిరిగిచ్చింది. ముందు రెండు పళ్లకే చేయించుకుంటదట, మిగిలినయి కొలువు వచ్చినంక తన పైసలతోటి. నేను బతిలాడిన, వినలే. మొండితనం మాత్రం ఖచ్చితంగ నా పోలికనే.

ఆ పది వేలల్ల మూడు 20 లీటర్ల క్యాన్లు కొన్న, గ్లాసులు కొన్న. రోజు పొద్దున ఇంటి నల్లా నీళ్లు నింపి బండి మీద చెలకకు తీసుకపోతున్న. లేగదూడల తొట్టిల గూడ ఇవే పోయాలని ఉన్నది, ఇంకా కుదరలే. కూలీలు మొదటి రోజు నవ్విండ్రు, పటేల్‌కు పట్నం గాలి తగిలిందని. ఒకామె మాత్రం తన బిడ్డను పిలిచి ఈ నీళ్లే తాగు అని చూపెట్టింది.

బోరు కాడ స్టార్టరు డబ్బా మీద సున్నంతోటి "తాగొద్దు" అని రాసిన. చదువు రాని పిల్లలకు ఎట్ల తెలుస్తది అని మా ఇంటామె అడిగింది. రేపు పొయ్యి దాని కింద పన్ను బొమ్మ గీయాలె.